వంద మీటర్ల దగ్గర అంగుళం కింద

మా బావ ఫోను చేతిలోకి తీసుకుని కళ్ళు చిట్లించాడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఫోను ఏం చేసింది పాపం. ఆ రోజుల్లో అందులో ఓ యాప్ ఉండేది. రైఫిలు గుండు బరువెంత, గొట్టంలోంచి ఎంత వేగంగా బయటికొస్తుంది, ఎండెంత, గాలెటు అని అన్నీ దానికి చెప్పుకుంటే, ఎంత దూరం పోయాక గుండు ఎంత కిందికి జారుతుందో అది లెక్కకట్టి చెబుతుంది. దాన్ని బట్టి రైఫిలు మీదుండే గురి దుర్భిణిని, అంటే స్కోపుని, మరతో ఇన్ని టిక్కులు తిప్పుకోవాలి. అక్కడితో ఊరుకుంటే బాగుండును. యాప్ చెప్పిన చోటా నా గుండు పడిన చోటా కలవకపోతే, తప్పు నాదేనని మా ఇంటిల్లిపాదీ తీర్మానం చేసేశారు. ఏడాది పొడుగునా ఆ మాట పడ్డాను.

బావంటే మా ఆయనే. మేనత్త కొడుకు. విజయనగరంలో మా మావయ్యది బట్టల కొట్టు. బావ ఆ కొట్టులో కంప్యూటరు పెట్టి, బిల్లులన్నీ అందులోకి ఎక్కించి, అప్పట్నుంచీ మిషను చెప్పిందే వేదం అన్నట్టు తయారయ్యాడు. మావయ్య నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాడు కాబట్టి, మావగారయ్యాక కూడా నువ్వు అనే పిలుస్తాను. అత్త కూడా అంతే. వాళ్ళింటికి కోడలుగా వెళ్ళానా కూతురుగా వెళ్ళానా అంటే నాకే తెలీదు. అందుకే కోపమొస్తే దాచుకోవడం కూడా నేర్చుకోలేదు.

బట్టల కొట్టు కోడలికి రైఫిలేటి అని అడగనివాళ్ళు లేరు. కాలేజీలో కేడెట్‌గా ఉన్నప్పుడు మొదటిసారి నేల మీద బోర్లా పడుకుని రైఫిలు భుజానికి ఆనించుకున్నాను. పక్కన ఎవరున్నారో, ఇంటికెళ్ళాక ఎవరు తిడతారో ఏదీ గుర్తు లేదు. ఊపిరి సగం వదిలి, ఆగి, వేలు మెల్లగా లాగడం, అంతే. ఇంత నిశ్శబ్దం ఎక్కడుందిరా నాలో అనుకున్నాను. నోరు ఊరుకోని మనిషిని కదా, నాకే ఆశ్చర్యమేసింది. పెళ్ళయ్యాక కూడా అది వదలలేదు. వదలమని మావయ్య అననూ లేదు. పైగా లైసెన్సు కాయితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే.

పెద్ద తుఫానొచ్చిన ఏడాది శృంగవరపుకోట దాటాక కొండ కింద ఉన్న మావయ్య జీడితోట సగానికి సగం నేలకూలింది. కూలిన చెట్లు కొట్టించేసరికి కొండ వైపుకి పొడుగ్గా ఖాళీ జాగా తేలింది. మా ఊరి రైఫిలు క్లబ్బు నడిపేది ఓ రిటైరైన సుబేదారు గారు. క్లబ్బంటే పెద్దదేం కాదు, ఓ గదీ, ఓ ఇనప బీరువా, వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది మెంబర్లు. వంద మీటర్ల దూరం కాల్చుకునే రేంజి ఒక్కటీ లేదని ఆయన ఎప్పుడూ గింజుకునేవాడు. మావయ్య ఆ ఖాళీ జాగా చూపించి ఇక్కడ పెట్టుకోండి అన్నాడు. వెనకాల కొండే గోడ. పర్మిషన్లకి పట్టిన పాట్లు చెప్పాలంటే అదో పెద్ద కథ. మొత్తానికి వచ్చాయి. సుబేదారు గారు సర్వేవాళ్ళ టేపు తెప్పిస్తానంటే మావయ్యకి పౌరుషమొచ్చింది. "నాను పుట్టినకాడ్నించి కొలుస్తన్నోణ్ణి. నా తోటలో నాకు ఇంకోడొచ్చి కొలవాలేటి?" అన్నాడు. నైలాను తాడు కొలిచి తెచ్చి, తనే దగ్గరుండి, కాల్చేవాళ్ళు పడుకునే చోట సిమెంటు దిమ్మ, గురి బోర్డు నిలబెట్టేచోట ఇనప చట్రం వేయించాడు. దిమ్మ మీద పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కూడా కొట్టాడు. మా కోడలి రేంజి అని కొట్టుకొచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

ఆ రేంజిలోనే నా కష్టాలు మొదలయ్యాయి.

విజయనగరంలో మాకు యాభై మీటర్ల రేంజి ఒకటి వేరే ఉండేది. అక్కడ నా రైఫిలు తిన్నగా కొడుతుంది, గుండు మీద గుండు. యాభై దగ్గర సరిచేసుకున్న స్కోపుని వంద మీటర్లకి ఇన్ని టిక్కులు తిప్పమని యాప్ చెప్పింది. తిప్పాం. తోటకెళ్ళి పడుకుని కాల్చాను. అయిదు గుళ్ళూ ఒకదాని పక్కన ఒకటి చక్కగా పడ్డాయి. మధ్యలో కాదు, అంగుళం కిందికి.

"అదేటి?" అన్నాడు బావ.

"ఏటో. నీ యాప్‌నే అడుగు" అన్నాను.

అడిగాడు. ఒక రోజు కాదు, నెలల తరబడి అడుగుతూనే ఉన్నాడు. స్కోపు రైఫిలు గొట్టానికి ఎంత ఎత్తులో ఉందో సరిగ్గా కొలవలేదేమో అన్నాడు. కంసాలి కొట్టుకెళ్ళి, నగలు కొలిచే స్కేలు అడిగి తెచ్చి, మా భోజనాల బల్ల మీద రైఫిలు పడుకోబెట్టి కొలిచాడు. అత్త అన్నం గిన్నెలు పట్టుకుని నిలబడిపోయింది. తేడా వెంట్రుకవాసి. అది సరిచేసుకుని వెళ్ళాం. అంగుళం కింద.

తరవాత గాలి బరువన్నాడు. సముద్రం పక్కన ఒకలా ఉంటుందట, కొండ దగ్గర ఒకలా ఉంటుందట. ఫోనులో ఏదో నొక్కి, విజయనగరానికో లెక్క, శృంగవరపుకోటకో లెక్క వేశాడు. తరవాత తేమ. తరవాత గుళ్ళ డబ్బా ఎండలో ఉందేమో అని, మామిడిపళ్ళ బుట్టలో తడిగుడ్డ చుట్టి మోసుకెళ్ళాడు. దారిలో కోట సంతకొచ్చినవాళ్ళు పళ్ళు అమ్ముతావా అని ఆపారు. తరవాత స్కోపు మరలు వదులయ్యాయేమోనని విప్పి బిగించాడు. విప్పి బిగించాక అసలు గుళ్ళు ఎటు పోతున్నాయో రెండు వారాలు అర్థం కాలేదు, మళ్ళీ యాభై మీటర్ల దగ్గర్నుంచి మొదలెట్టుకోవాల్సొచ్చింది. అన్నీ అయ్యాక వెళ్ళి కాల్చాను. అంగుళం కింద.

నాకు అప్పటికే విసుగొచ్చింది. "బావా, కింద పడుతున్నాది కదా, నాలుగు టిక్కులు పైకి తిప్పుకుంటాను, అయిపోతాది. క్లబ్బులో అందరూ అలాగే చేస్తారు" అన్నాను. నిజమే కదా. మిగతా మెంబర్లు కాల్చి చూసుకుంటారు, పడినచోటుని బట్టి తిప్పుకుంటారు, ఇంటికెళ్ళి అన్నం తింటారు. లెక్క ముందే వేసుకొచ్చి ఆ లెక్కతో పోట్లాడేది మేమొక్కళ్ళమే. కానీ బావ ఒప్పుకోడు. కారణం తెలీకుండా తిప్పితే తప్పు లోపలే ఉండిపోతాదంటాడు. మాట చూస్తే సబబుగానే ఉంటుంది. ఆ సబబుతోనే నా ప్రాణం తీశాడు.

అన్ని కారణాలూ అయిపోయాక మిగిలింది నేను. అప్పటిదాకా ఫోను వైపు చిట్లించిన కళ్ళు నా వైపు తిరిగాయి. వేలు లాగేటప్పుడు కుదుపుతున్నావేమో అన్నాడు. ఊపిరి పూర్తిగా వదిలేస్తున్నావేమో అన్నాడు. భుజం జారుతున్నాదేమో అన్నాడు. సుబేదారు గారు కూడా పక్కన మోకాళ్ళ మీద కూచుని నా వేలు చూసీ చూసీ, "అమ్మా, చివర్లో చిన్న భయం ఉంది" అన్నారు. ఎక్కడుందండీ భయం? భయముంటే గుళ్ళు చెల్లాచెదురుగా పడాలి కదా, అన్నీ ఒకేచోట ఎందుకు పడతాయి? ఆ మాటే అన్నాను. "అదే అమ్మా, ప్రతిసారీ ఒకేలా భయపడుతున్నావు" అన్నారు ఆయన. ఇంకేం మాట్లాడతాం అలాంటివాళ్ళతో.

అత్తకి కళ్ళ మీద అనుమానమొచ్చింది. కళ్ళ డాక్టరు చూసి నిక్షేపంలా ఉన్నాయన్నాడు. అయినా అత్తకి మనసొప్పలేదు, ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళం బస్సెక్కించి అరసవల్లి తీసుకెళ్ళింది. కళ్ళకి సూర్యనారాయణమూర్తిని మించినవాడు లేడని ఆవిడ నమ్మకం. నాకూ నమ్మకమే, కాదనను. కానీ లైన్లో నిలబడి, నా వెనకాల పెద్దావిడతో మా అత్త, "కోడలికి గురి తప్పుతున్నాదమ్మా, అందుకని" అని చెబుతూ ఉంటే, భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. ఆ పెద్దావిడ నా రెండు కళ్ళలోకీ చూసి అయ్యో అంది. దేవుడికి దణ్ణం పెట్టుకుంటే నోటికొచ్చింది ఒకటే, స్వామీ, నా కళ్ళు బాగానే ఉన్నాయి, వీళ్ళకి చెప్పు అని.

ఆ రాత్రి భోజనాల దగ్గర పేలిపోయాను. బావ మజ్జిగ పోసుకుంటూ, "యాప్‌లో తప్పు లేదు, రైఫిల్లో తప్పు లేదు. మరింక..." అని ఆపాడు. ఆ ఆపడం ఉంది చూశారూ, అనేసినా బాగుండేది. అత్త నా కంచంలో కూర వేస్తూ, "పోనీలేమ్మా, వొదిలెయ్. ఊళ్ళో నలుగురూ నవ్వుతన్నారు" అంది. నాకు ముక్కు మీదుంటుంది కోపం. కంచం ముందు కూర్చునే అనేశాను. విశాఖపట్నంలో వంద మీటర్ల సెలక్షను పోటీ రాబోతున్నది కదా, అందులో నేను సెలెక్టు కాకపోతే నా చెయ్యే మంచిది కాదని ఒప్పుకుంటాను, రైఫిలు సుబేదారు గారి బీరువాలో పెట్టేసొస్తాను, మళ్ళీ ముట్టుకోను. అనేసి ఒక్క క్షణం ఆగాను. ఎవరో ఒకరు, అదేటి అలాగంటావు అంటారని. బావ మజ్జిగ తాగాడు. అత్త సరేనమ్మా అంది. మావయ్య తలొంచుకుని తింటున్నాడు. ఒక్కరూ వద్దనలేదు.

ఆ పంతం మీద సాధన చేశాను. బావ కూడా దిగొచ్చాడు. దిగొచ్చాడంటే, నా మాట వినలేదు, యాప్‌నే లొంగదీశాడు. గుండు వేగం డబ్బా మీద రాసినదానికన్నా తక్కువుందేమో అని, ఆ అంకెని తగ్గించుకుంటూ వచ్చాడు. ఒకచోటికొచ్చేసరికి యాప్ చెప్పిన టిక్కులూ తోటలో నా గుండూ సరిగ్గా కలిశాయి. ఎగిరి గంతేశాడు. "సూశావా, ఇదే అసలు వేగం. డబ్బా మీద తప్పు రాశారు" అన్నాడు. పదిలో పది పడుతున్నాయి. సుబేదారు గారు, భయం పోయిందమ్మా అన్నారు. నేను అదే వేలు, అదే ఊపిరి. పోనీ ఏదో ఒకటి, కుదిరింది కదా అని నోరు మూసుకున్నాను. మావయ్య వారమంతా మా కోడలు సెలెక్టయిపోద్ది అని కొట్టులో చాటాడు.

విశాఖపట్నం వెళ్ళాం. పోటీలో ఫోనులు లోపలికి రానివ్వరు. బావ టిక్కులు నాచేత బట్టీ పట్టించి, జనం కూచునేచోట కూచున్నాడు. సరిచూసుకోడానికి కాల్చే మొదటి గుళ్ళు రెండు వేశాను. స్కోపులోంచి చూశాను. రెండూ పైన. అంగుళం పైన.

ఏడాదంతా కింద పడితే ఏం చేయాలో నేర్పారు గానీ, పైన పడితే ఏం చేయాలో నాకెవరు చెప్పారు? స్కోపు కిందికి తిప్పుకుంటే అయిపోయేది. కాలేజీ కేడెట్‌గా ఉన్నప్పటి నేనైతే ఆలోచించకుండా తిప్పేదాన్ని. కానీ ఏడాది పాటు చెవిలో పోసిన మాటలన్నీ అప్పుడే లేచాయి. రైఫిల్లో తప్పు లేదు, యాప్‌లో తప్పు లేదు, నీలోనే ఉంది. భుజం గట్టిగా బిగించేశానేమో, ఊపిరి మరీ ఎక్కువ ఆపానేమో, భయం ఇప్పుడు ఇలా తిరిగిందేమో. స్కోపు వదిలేసి నన్ను నేను సరిచేసుకోవడం మొదలెట్టాను. భుజం వదులు చేశాను. ఊపిరి మార్చాను. గుళ్ళు ఇప్పుడు ఒకచోట కూడా పడటం లేదు. వెనక్కి తిరిగి చూస్తే బావ చేత్తో సైగ చేస్తున్నాడు, ముట్టుకోకు, ముట్టుకోకు అని. సగం గుళ్ళయ్యాక, ఏదైతే అదయిందని తిప్పేశాను. ఆ తరవాతవన్నీ మధ్యలో పడ్డాయి. అప్పటికి పోయిన పాయింట్లు తిరిగి రావు కదా. సెలక్షను కొంచెంలో పోయింది.

తిరుగు ప్రయాణంలో కారు భీమిలి రోడ్డు దాటాక బావ ఒక్కటే అన్నాడు, "సముద్రం గాలి వల్లేమో" అని.

అన్నమాట ప్రకారం రైఫిలు తీసుకెళ్ళి సుబేదారు గారి బీరువాలో పెట్టేశాను. ఆయన నీ దగ్గరే ఉంచుకోమ్మా అనలేదు. కాయితం మీద సంతకం పెట్టించుకుని తాళం వేసుకున్నారు. ఇంటికొచ్చి ఏడిచానంటే ఏడిచాను. నా చెయ్యి నాకు పనికిరాదని నమ్మడం ఎంత కష్టమో నాకు తెలుసు. పచ్చిమిరపకాయ తరుగుతూ కూడా వేళ్ళ వైపు చూసుకునేదాన్ని, ఎక్కడ వణుకుతున్నాయా అని. ఎక్కడా వణకడం లేదు. అదింకా ఏడిపించింది.

ఇంట్లో కూచుని ఏం చేస్తావు, కొట్టుకి రమ్మన్నాడు మావయ్య. వెళ్ళాను. గల్లాపెట్టె దగ్గర నేను, బల్ల దగ్గర మావయ్య. ఓ మధ్యాహ్నం గజపతినగరం నుంచి ఇద్దరు ఆడవాళ్ళొచ్చారు, పరికిణీ గుడ్డ కావాలని. వాళ్ళ ఊళ్ళోనే కొట్లున్నాయి. అయినా మా కొట్టుకే వస్తారు. ఎందుకమ్మా ఇంత దూరం అని మాటకి అడిగితే, "ఇక్కడ కొలత నిండుగుంటాదమ్మా" అంది వాళ్ళలో పెద్దావిడ.

చెయ్యడానికి పని లేక మావయ్య కొలత చూస్తూ కూచున్నాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్న కొలతే. ఇనప మీటరు కడ్డీ పట్టుకుంటాడు. కడ్డీ చివర వచ్చేచోట గుడ్డని బొటనవేలితో నొక్కి పడతాడు. తరవాతి మీటరు ఆ వేలికి అటుపక్క నుంచి మొదలెడతాడు. వేలి కింద గుడ్డ లెక్కలోకి రాదు. అది కొన్నవాళ్ళకి వదిలేసినట్టే. మీటరు మీటరుకీ అలాగే. చివర్లో కత్తెర పెట్టే ముందు ఇంకో జానెడు జరిపి, కొసరు అని కోస్తాడు. మావయ్య వాళ్ళ నాన్న కూడా అలాగే కొలిచాడట. వేలు వదలకుండా కొలిస్తే ఆ కొట్టు పరువేం కావాలి.

చూస్తూ చూస్తూ గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచాను.

"మావయ్యా" అన్నాను. "తోటలో రేంజికి తాడు ఎక్కడ కొలిచావు?"

"ఎక్కడేటి, ఇక్కడే. ఈ బల్ల మీదే" అన్నాడు, కాయితంలో గుడ్డ చుడుతూ.

"దేంతో?"

"దీంతోనే" అని మీటరు కడ్డీ చూపించాడు. "పది మీటర్లకోసారి ఎర్ర పీలిక కట్టాను. పీలిక పీలికకీ జానెడు వొదిలాను కూడా. మన రేంజి కదా, తక్కువైపోకూడదని."

ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ గుడ్డ పట్టుకుని గబగబా దిగిపోవడం గుర్తుంది. ఎదురుగా హార్డువేరు కొట్టుకెళ్ళి పొడుగు ఉక్కు టేపు తెచ్చాను. లోపల కంప్యూటరు ముందున్న బావని రెక్కపట్టుకు లేపి, బండి తియ్యి అన్నాను. ఎక్కడికంటాడు. తియ్యమన్నానా లేదా అన్నాను. కోట దాకా దారిపొడుగునా ఏటయిందే, ఏటయిందే అని అడుగుతూనే ఉన్నాడు.

తోటలో సిమెంటు దిమ్మ దగ్గర టేపు కొస బావకిచ్చి పట్టుకోమన్నాను. రెండో కొస పట్టుకుని జీడాకుల్లోంచి నడిచాను. టేపు అందినచోట మేకు కొట్టి, అక్కణ్ణుంచి మళ్ళీ లాగి, అలా చట్రం వైపుకి వెళ్ళాం. వంద మీటర్ల దగ్గర మేకు కొట్టి తలెత్తి చూస్తే చట్రం ఇంకా అల్లంత దూరంలో ఉంది. నాలుగు మీటర్ల పైమాటే, మా పడగ్గది పొడుగంత. గుండు ఆ కాస్త దూరంలోనే అంగుళం జారిపోతున్నది. తోటకి కుదిర్చిన టిక్కులతో, దూరం సరిగ్గా వందున్న విశాఖపట్నంలో కాలిస్తే అదే అంగుళం పైకి పోయింది. దాన్ని ఏడాది పాటు నా భుజంలో, నా ఊపిరిలో, నా కళ్ళలో వెతికారు.

బావ ఫోను తీశాడు. గుండు వేగం మళ్ళీ డబ్బా మీద రాసిందే పెట్టాడు. దూరం మాత్రం ఇప్పుడు కొలిచింది వేశాడు. తలెత్తి అన్నాడు, "యాప్ కరెక్టుగానే చెప్పిందే."

ఒరే దేవుడా. ఆ క్షణంలో మొదట అనాల్సిన మాట అదా? టేపు ఆయన కాళ్ళ దగ్గర పడేసి నడుచుకుంటూ రోడ్డెక్కాను. బండి వెనకాలే తోసుకుంటూ వచ్చాడు, తప్పయిపోయింది తప్పయిపోయింది అంటూ. "దేనికి తప్పు?" అని అడిగాను. "అంటే, మరి... దూరం కూడా చూసుకోవాల్సింది" అన్నాడు. దూరం. చూశారా. నా సంగతి ఇంకా తట్టలేదు ఆయనకి. కోట సెంటరు దాకా నడిచి, అక్కడ బస్సెక్కి ఇంటికొచ్చాను.

మావయ్య అప్పటికే కొట్టు కట్టేసి వచ్చేశాడు. వాకిట్లో కుర్చీలో కూచున్నాడు. చెప్పాను. అరిచానంటే సరిగ్గా ఉంటుంది. వేలు, జానెడు, వంద మీటర్లు, అంగుళం, విశాఖపట్నం అన్నీ వరసపెట్టి అరిచాను. ఆయనకి మొదట అర్థం కాలేదు. "ఎక్కువే కదమ్మా ఇచ్చాను. తక్కువియ్యలేదు కదా" అన్నాడు అమాయకంగా.

"పరికిణీకి ఎక్కువిస్తే కట్టుకున్నవాళ్ళకి సంతోషం మావయ్యా. దూరానికి ఎక్కువిస్తే నేనేటి చేసుకోను? కట్టుకోనా?" అన్నాను.

అప్పుడర్థమైంది ఆయనకి. అత్త లోపల్నుంచి, మావగారితో అలాగేటే మాటలు అంది. "నువ్వూరుకో" అన్నాడు అత్తతో. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. నాకు జాలేసింది, కానీ కోపం జాలిని దాటేసింది. ఎంత కోపమంటే, ఆయన చేసింది ప్రేమతో అని తెలిసి కూడా తగ్గలేదు. ప్రేమ కాబట్టి తిట్టడానికి కూడా సరిగ్గా లేదు. అదింకా మంట.

మర్నాడు తెల్లారకుండానే లేచి ఆయనే సుబేదారు గారింటికెళ్ళాడు. ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో తెలీదు. ఆయన్నీ, బీరువాలో ఉన్న నా రైఫిలునీ వెంటబెట్టుకొచ్చాడు. అందరం తోటకెళ్ళాం. కూలీలు చట్రం పీకి, నేను మేకు కొట్టినచోటికి జరిపారు. మావయ్య దగ్గరుండి టేపు లాగించాడు గానీ కొసని తను పట్టుకోలేదు. సుబేదారు గారిని పట్టుకోమన్నాడు. తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

నేను దిమ్మ మీద చాప పరుచుకుని బోర్లా పడుకున్నాను. అన్ని నెలల తరవాత. బావ మెల్లగా, డబ్బా మీద వేగానికి యాప్ చెప్పిన టిక్కులు చెప్పాడు. మొట్టమొదటి రోజు చెప్పినవే అవి. తిప్పాను. ఊపిరి సగం వదిలి ఆపాను. వేలు లాగాను. మూడు గుళ్ళు వేసి లేచాను. లేచి స్కోపులోంచి కూడా చూడలేదు. ఎక్కడ పడ్డాయో నాకు తెలుసు.

మావయ్యే నడుచుకుంటూ వెళ్ళి చట్రం మీంచి కాయితం విప్పుకొచ్చాడు. నడిమధ్యలో ఒకటే చిల్లు, కాస్త పెద్దగా. మూడూ అందులోంచే పోయాయి. సుబేదారు గారు చూసి, "శభాష్ అమ్మా" అన్నారు. బావ ఫోను జేబులో పెట్టుకున్నాడు. సంతోషమొస్తుందనుకున్నాను. రాలేదు. నా చెయ్యి వైపు చూసుకున్నాను. ఏడాదంతా ఇదే చెయ్యి కదా. వంట చేసిన చెయ్యి, అరసవల్లిలో దణ్ణం పెట్టిన చెయ్యి, విశాఖపట్నంలో నేనే నమ్మకుండా వదిలేసిన చెయ్యి.

మావయ్య ఆ కాయితం నా ముందు పట్టుకుని, నవ్వాలా వద్దా అన్నట్టు మొహం పెట్టి అడిగాడు, "ఇప్పుడు నీ సెయ్యి బాగయిపోనాది కదమ్మా?"

"నా చెయ్యి ఎప్పుడూ బాగానే ఉంది మావయ్యా" అన్నాను.

ఆయన కాయితం కిందికి దించాడు. "ఔనమ్మా" అన్నాడు. "మాకే నమ్మకం సాల్లేదు."